తలలు లేని నీడలు

“నువ్వు వెనక్కి మొఖం పెట్టి కూసున్నవు. మోటారు ముంగటికెల్లి వచ్చింది. ఇంక నువ్వు చూసిందేముంది?”

బీమా కంపెనీ ఇన్‌స్పెక్టరు ఐలయ్య ఆ మాట అని, జవాబు కోసం ఆగకుండా కలానికి మూత పెట్టేశాడు. సిద్దిపేట దవాఖాన వరండాలో నేల మీద కూర్చున్న కొండవ్వ ఏదో చెప్పబోయి, ఆయన బూట్ల వంక చూసి ఊరుకుంది.

పక్క బెంచీ మీద డిటెక్టివ్ బుచ్చిరాములు సాసర్లో చాయ పోసుకుని ఊదుకుంటున్నాడు. భారీ మనిషి. పొద్దున్నే హైదరాబాద్ బస్సు దిగాడు. పుట్టిన ఊరికి పని మీద రావడం ఆయనకు పండుగలా ఉంది. ఇప్పటికి ఇది మూడో చాయ.

“ఐలయ్యగారూ, మీరు అడిగిన్రు గని ఆమెను చెప్పనియ్యలేదు.”

“చెప్పడానికేం లేదు రాములు సాబ్. కేసు అయిపోయింది. సాయంత్రం ఠాణాల అమీన్ సాబ్ చేతుల రిపోర్టు పెడ్త, రేపటి బస్సుకు పోత.”

కేసు ఇదీ. పోయిన ఆదివారం చీకటి పడ్డాక చింతమడక బాటలో, ఒకప్పుడు సుంకం వసూలు చేసి ఇప్పుడు పాడుపడ్డ కరోడ్‌గిరి నాకా దగ్గర, ఎదురుగా వచ్చిన మోటారు ఒకటి మల్లయ్య ఎడ్లబండిని గుద్దేసి ఆగకుండా పోయింది. బండి బోర్లపడింది. మల్లయ్య కాలు విరిగింది. వెనక కూర్చున్న అతని భార్య కొండవ్వకు మోచేతులు చీరుకుపోయాయి. కాసేపటికి సిద్దిపేట వైపు నుంచి ఇంకో మోటారు వచ్చి ఇద్దరినీ ఎక్కించుకుని ఈ దవాఖానకు చేర్చింది. అది రైసుమిల్లు కాశయ్య భార్య ప్రమీలాదేవి మోటారు.

కళ్ళు మూసుకుపోయేంత తెల్లటి వెలుతురు, మల్లయ్య చెప్పింది అంతే. సిద్దిపేటలో అంత వెలుతురు కొట్టే దీపాలు ఈ మధ్య ఒక్క కారుకే వచ్చాయని ఊరంతా అనుకుంటోంది. అది ఈ దవాఖాన నడిపే డాక్టర్ స్వరాజ్యలక్ష్మి కారు. ఆమె ఆ సాయంత్రం చింతమడకలో కాన్పు చేసి అదే బాటలో ఒంటరిగా తిరిగి వచ్చింది. మల్లయ్య విరిగిన కాలికి కట్టు కట్టింది కూడా ఆమే.

బుచ్చిరాములును పిలిపించింది ఆమే.

తెల్లకోటు చేతులు మడుచుకుంటూ స్వరాజ్యలక్ష్మి వార్డులోంచి బయటికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. నిద్ర లేక కళ్ళు ఎర్రబడ్డాయి కానీ నడకలో తొందర లేదు.

“మల్లయ్యకు జ్వరం దిగింది,” అంది కొండవ్వతో. “ఇయ్యాల జావ తాగించు.” తర్వాత ఐలయ్య వైపు తిరిగింది. “మీ ప్రశ్నలైనయా?”

“ఒక్కటి మిగిలింది డాక్టరమ్మా. కారు దీపాలు మార్పించిన్రా లేదా?”

“బాగు చేయించిన.”

“మా కంపెనీకి రెండూ ఒక్కటే. మేం బీమా చేసింది పాత కారుకు. దీపాలు మార్చినంక అది వేరే కారు. గుద్దింది మీరే అయితే పోలీసులు లైసెన్సు గుంజుకుంటరు. మల్లయ్యకు మా కంపెనీ నుంచి ఏమీ రాదు.”

“నేను గుద్దలేదు. నేను వచ్చేసరికే బండి బోర్లపడి ఉన్నది. మనుషులు లేరు. ఎవరో తీసుకపోయిన్రని తొందరగ ఇక్కడికొచ్చిన. వచ్చి చూస్తే వీళ్ళున్నరు.”

“గది మీరు చెప్పే మాట.”

“నా లైసెన్సు పోతే నేను ఎడ్లబండి ఎక్కి పోత,” అంది స్వరాజ్యలక్ష్మి మెల్లగా. “జగదేవ్‌పూర్‌ల నొప్పులు పడే ఆడామె, బండి చేరేదాకా ఆగుతదా? అది రాసుకోన్రి మీ రిపోర్టుల.”

ఐలయ్య రాసుకోలేదు. కానీ తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదని బుచ్చిరాములుకు అప్పుడే అనిపించింది. తొందర మనిషి, అంతే.

వరండా చివర స్తంభం పక్కన ఒక ముప్పై ఏళ్ళ స్త్రీ కమలాపండ్ల బుట్టతో నిలబడి ఉంది. జరీ అంచు చీర, కళ్ళ కింద నల్లటి చారలు. ప్రమీలాదేవి. మల్లయ్యను చూడడానికి వచ్చానంది కానీ, వచ్చినప్పటి నుంచీ డాక్టరు వైపే చూస్తోంది.

బుచ్చిరాములు సాసరు పక్కన పెట్టి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

“ఆదివారం నాడు మీరు రాకుంటే మల్లయ్య బతుకకపోతుండె. మంచి పని చేసిన్రమ్మా. ఎటు పోతుంటిరి గప్పుడు?”

“మిల్లుకు. మా మిల్లు నాకా దాటినంకనే.”

“మోటారు ఎవరు నడిపిన్రు?”

“డ్రైవరు.”

జవాబు చాలా తొందరగా వచ్చింది. బుచ్చిరాములు నవ్వి, బుట్టలోంచి ఒక పండు అడిగి తీసుకుని, వలుచుకుంటూ తిరిగి వచ్చి కొండవ్వ పక్కన నేల మీదే కూర్చున్నాడు. సగం పండు ఆమె చేతిలో పెట్టాడు.

“తిను. తినుకుంట చెప్పు. నువ్వు మోటారును చూడలేదు. మరి నువ్వు చూసిందేంది?”

కొండవ్వ ఐలయ్య వైపు ఓసారి చూసి, గొంతు సవరించుకుంది.

“గోడ చూసినయ్యా. నాకా గోడ. దానికి తెల్ల సున్నం ఉంటది గదా. బండి గా మలుపు దాటింది, గోడ నా మొఖానికి ఎదురుంగ ఉన్నది. గప్పుడు ముంగటికెల్లి ఎలుతురొచ్చింది. మా నీడలు గోడ మీద పడ్డయి.”

“ఎట్ల పడ్డయి?”

“మా ఆయిన నీడలు రెండు. నావి రెండు. ఎడ్లయి గూడ గంతే, కొమ్ములే కొమ్ములు.”

“తర్వాత?”

కొండవ్వ చేతిలోని తొన నోట్లో పెట్టుకోవడం మరిచిపోయింది.

“తర్వాత తలకాయలు మాయమైనయయ్యా. గోడ మీది సగం చీకటైంది. కింది సగంల మొండాలే ఉన్నయి. నాకు గుండె జల్లుమన్నది. ఇగ మేం సచ్చినమనుకున్న. గంతల్నే గుద్దింది.”

“నీడలకు తలకాయలు లేవట,” అన్నాడు ఐలయ్య. “నేను గిదంత అమీన్ సాబ్‌కు ఉర్దూల ఎట్ల చెప్పాలె సాబ్?”

బుచ్చిరాములు ఆయన మాట వినలేదు. పండు తినడం ఆపేశాడు.

“కొండవ్వా, మంచిగ యాది చేసుకో. తలలు పోయినంక మీ ఆయిన మొండాలెన్ని?”

“రెండు.”

“నీయి?”

“నాయి గూడ రెండే. ఎడమకొకటి, కుడికొకటి.”

“గుద్దేదాకా?”

“గుద్దేదాకా.”

బుచ్చిరాములు మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచాడు. ఆయన ముఖంలో కడుపునిండిన మనిషి తృప్తి కనిపించింది.

“ఐలయ్యగారూ, కారు చూద్దాం పాన్రి. కొండవ్వా, నువ్వు గూడ రావాలె. డాక్టరమ్మా, మీరు లేనిది నడవదు.”

*

కారు మోటారు మేస్త్రీ దుబ్బయ్య షెడ్డులో ఉంది. కేసు తేలేదాకా అక్కడి నుంచి కదిలించొద్దని పోలీసులు చెప్పి వెళ్ళారు. షెడ్డు ఒకప్పుడు పత్తి గోదాం. కిటికీలు లేవు. వెనక గోడకు కొత్తగా సున్నం వేశారు.

రెండు సీట్ల పాత స్పోర్ట్సు కారు. పొడుగాటి ముక్కు, ముదురాకుపచ్చ రంగు, బానెట్ మీదుగా తోలు పట్టీ. పందేల కోసం చేసిన బండి. స్వరాజ్యలక్ష్మికి వైద్యం నేర్పిన ఇంగ్లీషు దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ ఇచ్చిపోయింది. ముందు చక్రాల రెక్కల మధ్య రెండు పెద్ద ఇత్తడి దీపాలు, వాటి చుట్టూ అరిగి మెరుస్తున్న వలయాలు.

ఐలయ్య రెండు దీపాలనూ వేలితో తట్టి చూశాడు.

“చూస్తే పాతవే అనిపిస్తయి. కానీ నేను మొన్న వచ్చి వెలిగించి చూసిన. పట్టపగలు గూడ కండ్లల్ల పొడిచినట్టున్నది.”

“లోపల ఏమేం మార్చినవు?” బుచ్చిరాములు మేస్త్రీని అడిగాడు.

దుబ్బయ్య చేతులు గుడ్డకు తుడుచుకుంటూ డాక్టరు వైపు చూశాడు. చెప్పమన్నట్టు ఆమె తలూపింది.

“బల్బు ఎనుక ఎలుతురును ముంగటికి కొట్టే గిన్నెలు నల్లవడి ఉండె సారూ. అందుకే ఎలుతురు మసక మసక. గా గిన్నెలే తీసి, అవుసలాయన దగ్గర వెండి పూత పోయించుకొచ్చిన. మిలిటరీ వేలంల కొన్న బల్బులు పెట్టిన. సన్న వైర్లు తీసి లావు వైర్లు గుంజిన. గంతే.”

“అద్దాలు?”

“అవే.”

“స్విచ్చీలు?”

దుబ్బయ్య నవ్వాడు. “గాడనే డాక్టరమ్మకు, నాకు లొల్లి. ఎదురుంగ బండి వస్తే దీపాలు దించాలె గదా. కొత్త మోటార్లల్ల రెండు దీపాలు ఒక్కతీరుగ దిగుతయి. గట్లనే పెడ్తనన్న. అమ్మ వద్దన్నది.”

“ఎందుకు వద్దన్నరు?” అన్నాడు ఐలయ్య.

స్వరాజ్యలక్ష్మి కారు తలుపు మీద చెయ్యి వేసింది. “దొరసాని దగ్గర నేను ఈ కారులనే నడుపుడు నేర్చుకున్న. దీపాలు దించే పుల్ల ఎట్ల లాగాలెనో, లాగితే ఏమైతదో నా చేతికి తెలుసు. కనవడకపోతే నడుపలేను కాబట్టి వెలుతురు కావాలె. అంతకు మించి దాని గుణం మార్చుడు నాకిష్టం లేకుండె. పాత మసక దీపాలతోని ఒక రాత్రి రోడ్డు రోలరుకు గుద్దుకోబోయి తప్పించుకున్నంక, వెలుతురు ఒక్కటి చాలనుకున్న.”

“లాగితే ఏమైతది?” అన్నాడు బుచ్చిరాములు. జవాబు ఆయనకు తెలుసు. ఐలయ్య వినాలని అడిగాడు.

“చెప్తే ఏం తెలుస్తది? చూపిస్త.”

దుబ్బయ్య షెడ్డు తలుపులు మూశాడు. లోపల చీకటైంది. కారు ముక్కు తెల్లగోడ వైపే ఉంది. స్వరాజ్యలక్ష్మి స్టీరింగు ముందు కూర్చుంది. బుచ్చిరాములు కొండవ్వను కారు పక్కగా, గోడ కనిపించేట్టు నిలబెట్టాడు.

“ఐలయ్యగారూ, మీరు జర కారుకూ గోడకూ నడుమ నిలవడున్రి.”

“నేనెందుకు?”

“మల్లయ్య కాలు విరిగి పండుకున్నడు. ఇంకెవరున్నరు?”

ఐలయ్య గొణుక్కుంటూ వెళ్ళి, టోపీ సర్దుకుని గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు.

దీపాలు వెలిగాయి. షెడ్డంతా తెల్లబడింది. గోడ మీద ఇద్దరు ఐలయ్యలు లేచారు, రెండు టోపీలతో, పక్కపక్కన.

“గిట్లనే!” అంది కొండవ్వ. “గిట్లనే రెండు రెండు.”

“ఇప్పుడు దించున్రి డాక్టరమ్మా.”

స్వరాజ్యలక్ష్మి స్టీరింగు దగ్గరి పుల్ల లాగింది. ఎడమ దీపంలో టక్కుమని చప్పుడైంది. గోడ పైసగం చీకటైంది. టోపీలూ తలలూ పోయాయి. గోడ కింది సగంలో మొండెం ఒక్కటే మిగిలింది.

ఒక్కటే.

ముందుగా కొండవ్వే కదిలింది.

“గిట్ల గాదయ్యా,” అంది గట్టిగా. “మొండాలు రెండుండె. గిది గాదు.”

ఐలయ్య వెనక్కి తిరిగాడు. వెలుతురుకు కళ్ళు చికిలించి కారు ముందుకు వచ్చాడు. కుడి దీపం ఆరిపోయి ఉంది. ఎడమది మాత్రమే నేల మీదికి వెలుగుతోంది.

“పుల్ల లాగితే కుడి దీపం ఆరిపోతది,” అన్నాడు బుచ్చిరాములు. “ఎడమ దీపం గిన్నె కిందికి వంగుతది. పాత ఇంగ్లీషు కార్లకు చాలావాటికి గిదే పద్ధతి. మల్లయ్యను గుద్దిన మోటారు దీపాలు దించింది, తలలు మాయమైనయి కాబట్టి. దించినంక గూడ రెండు దీపాలు వెలుగుతనే ఉన్నయి, మొండాలు రెండున్నయి కాబట్టి. గా మోటారు ఇది కాదు.”

ఐలయ్య ఓడిపోయినవాడిలా లేడు. బుర్ర పనిచేస్తోంది.

“ఒప్పుకోను. దుబ్బయ్య ఈమె మనిషి. ఆదివారం నాడు కొత్త పద్ధతి ఉండొచ్చు, సోమవారం నాడు పాత పద్ధతి పెట్టి ఉండొచ్చు. వైరు అటుదిటు చేసుడు ఎంతసేపు?”

“మంచి మాట,” అన్నాడు బుచ్చిరాములు సంతోషంగా. తనతో నిజంగా వాదించే మనిషి దొరికితే ఆయనకు చాయ తాగినంత హాయి. “వైరు మార్చొచ్చు. దుబ్బయ్యా, దీపాలు ఆర్పి రెండు అద్దాలు విప్పు. తలుపు తెరువు.”

పగటి వెలుతురు లోపలికి వచ్చింది. దుబ్బయ్య వలయాలు వదులు చేసి అద్దాలు తీశాడు. రెండు గిన్నెలూ కొత్త వెండితో మెరుస్తున్నాయి.

“మీ వేలితోని నూకున్రి ఐలయ్యగారూ. ముందు ఎడమది.”

ఐలయ్య నెట్టాడు. గిన్నె మడత బందు మీద కిందికి వంగి, వదిలేస్తే మళ్ళీ పైకి వచ్చింది.

“ఇప్పుడు కుడిది.”

నెట్టాడు. కదలలేదు. రెండో చెయ్యి కూడా వేసి నెట్టాడు. గిన్నె చుట్టూ రివెట్లు, వాటి తలల మీద ఏళ్ళనాటి పచ్చటి చిలుము. ఆ రివెట్లను ఎవరూ ఎన్నడూ ముట్టుకోలేదు. వెండి పూత కూడా వాటి దగ్గర ఆగిపోయింది.

“కుడి గిన్నెను డొప్పతోని సహా తీసి పూత పోయించిన,” అన్నాడు దుబ్బయ్య. “రివెట్లు ఊడగొడితే మళ్ళ గట్ల కూసోదు.”

“కుడి దీపం వంగదు,” అన్నాడు బుచ్చిరాములు. “వైరు ఎట్ల మార్చినా వంగదు. అది వెలుగుతుంటే గోడ మీది సగం చీకటి కాదు, తలలు మాయం కావు. తలలు మాయమైతే అది ఆరిపోయినట్టే, మొండెం ఒక్కటే. డాక్టరమ్మ కారుకు తలలు లేని రెండు నీడలు పడే దారే లేదు.”

ఐలయ్య ఆ రివెట్లను ఒక్కొక్కటిగా వేలితో తడిమి చూశాడు. తర్వాత టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మొదట డాక్టరుకు కాదు, కొండవ్వకు చెప్పాడు.

“నిన్ను చెప్పనిస్తే నాకు ఇంత తిప్పలు లేకుండె.” ఆ తర్వాత స్వరాజ్యలక్ష్మి వైపు తిరిగాడు. “దీపాలు అవే, అద్దాలు అవే. పూత పూసినంత మాత్రాన వేరే కారు కాదు. నా రిపోర్టుల గిదే రాస్త. మీరు కారు తీసుకపోవచ్చు.”

కారులో కూర్చున్న స్వరాజ్యలక్ష్మి స్టీరింగు మీద నుదురు ఆన్చి ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. లేచినప్పుడు ఆమె ముఖం కడిగినట్టుగా తేటగా ఉంది.

“మరి గుద్దింది ఎవరు?” అన్నాడు ఐలయ్య. “రెండు దీపాలు ఒక్కతీరుగ దిగే మోటారు. అంటే కొత్తది. ఈ తాలూకాల గట్లాంటివి...”

“ఒకటి నాది.”

అందరూ తలుపు వైపు తిరిగారు. ప్రమీలాదేవి గడప అవతల నిలబడి ఉంది. చేతిలో బుట్ట లేదు. దవాఖాన నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, పాదాలు దుమ్ము కొట్టుకుపోయాయి.

“నడిపింది నేనే,” అంది. “డ్రైవరు అంతకు ముందే వాళ్ళ ఊరికి పోయిండు. నేను మిల్లు ఆవరణల తిప్పి నేర్చుకున్న, మా ఆయనకు గూడ తెలువదు. రోడ్డు మీదికి వచ్చుడు గదే మొదలు. బండి కనవడంగనే దీపాలు దించిన, పక్కకు కొట్టిన, గని చక్రానికి తాకింది. భయానికి కొంచెం దూరం పోయిన. మనసు ఒప్పలేదు. మోటారు మర్లించుకొని వచ్చిన.”

కొండవ్వ ఆమె ముందుకు నడిచింది. బుచ్చిరాములు అడ్డం వెళ్ళబోయి ఆగాడు.

“మా ఆయిన కాలు విరగ్గొట్టింది నువ్వేనా?”

“నేనే.”

“మరి మమ్ముల ఎత్తుకొచ్చింది గూడ నువ్వేనాయె.” కొండవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “గా చీకట్ల మర్లి రాకుంట పోతే నిన్ను ఎవ్వలడుగుతుండె తల్లీ? ఆయినకు జ్వరం దిగింది. బతికిండు. గదే చాలు నాకు. కాలు అతికేదాక మా కడుపులు నువ్వు చూసుకో.”

“చూసుకుంట,” అంది ప్రమీలాదేవి. ఆ మాటతో ఆమె ఏడ్చేసింది.

“గా మాట ఆదివారమే ఎందుకు చెప్పకపోతిరి?” అన్నాడు ఐలయ్య. గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. “డాక్టరమ్మ మీద నేను నింద వేస్తుంటే విని ఊరుకున్నరు!”

“చెప్తే, ఎటు ఉరుకుతున్నవని అడుగుతరు.”

“ఎటు?” అన్నాడు బుచ్చిరాములు మెత్తగా.

ప్రమీలాదేవి బాట వైపు ఓసారి చూసి లోపలికి వచ్చింది. తలుపు తనే దగ్గరికి వేసింది. ఆమె మాట డాక్టరుకే, మిగిలినవాళ్ళు ఉన్నారన్న సంగతి ఇక లెక్కచేసినట్టు లేదు.

“నీ దగ్గరికే వస్తుంటి అక్కా. నువ్వు చింతమడక పోయినవన్నరు. వీళ్ళను దించినంక జనం పోగైరి. తెల్లారంగ పోలీసులు వచ్చిరి, దవాఖాన విడిచి కదలలేదు. రోజూ పండ్లు పట్టుకొని వచ్చి నీ మొఖం చూసి పోతున్న. ఒక్కదానివి దొరకలేదు.” ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది. “మా తమ్ముణ్ణి మా ఆయనకు తెలువకుంట మిల్లు గోదాంల దాచిన. వడ్ల బస్తాల ఎనుక. తొడల తుపాకి గుండు. సంగంల కలిసిండని పోలీసులు ఊరూరు దేవులాడుతున్నది వానికోసమే.”

స్వరాజ్యలక్ష్మి ముఖంలోని అలసట ఒక్కసారిగా పోయింది.

“గుండు లోపల్నే ఉన్నదా?”

“ఉన్నది. నిన్నటికెల్లి నన్ను గుర్తు పడుతలేడు.”

“దుబ్బయ్యా, అద్దాలు బిగించు. తొందరగా.” డాక్టరు అప్పటికే సీటు వెనక నుంచి మందుల సంచి తీసి తెరిచి చూస్తోంది. “ప్రమీలా, ఎక్కు. బాట చెప్తవు.”

బుచ్చిరాములు మాత్రం ఐలయ్య వంక చూస్తున్నాడు. ఐలయ్య సాయంత్రం అమీన్‌ను కలవాల్సిన మనిషి. విన్నదంతా విన్నాడు. దాచిపెడితే ఉద్యోగమే కాదు, జైలు కూడా.

ఐలయ్య టోపీ మీది దుమ్ము దులిపాడు. జేబులోంచి కలం తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

“మా కంపెనీ మోటార్లకు బీమా చేస్తది,” అన్నాడు చివరికి. “వడ్ల బస్తాల సంగతి నాకెందుకు?” తలుపు దాకా వెళ్ళి ఆగాడు. “రాములు సాబ్, నేను ఇప్పుడే పోలీసు ఠాణాకు పోతున్న. ఈ దీపాలు, గిన్నెలు, నీడలు, గిదంత అమీన్ సాబ్‌కు ఉర్దూల విడమర్చి చెప్పాలె. ఒక్కసారికి అర్థం కాదు. రెండుసార్లు చెప్తా. పొద్దు గూకేదాకా ఆయన కుర్సీల నుంచి లేవడు.”

బుచ్చిరాములు చేతులు జోడించాడు. ఐలయ్య చూడనట్టు వెళ్ళిపోయాడు.

స్వరాజ్యలక్ష్మి ఇంజను తిప్పింది. ప్రమీలాదేవి ఆమె పక్కన కూర్చుంది. బుచ్చిరాములు తన భారీ శరీరాన్ని సీట్ల వెనక ఇరుకు జాగాలోకి ఎలాగో నెట్టుకున్నాడు.

కారు కదలబోతుంటే ప్రమీలాదేవి వెనక్కి తిరిగింది.

“మీకొక మాట చెప్పలేదు డిటెక్టివుగారూ. వాణ్ణి కాల్చింది పోలీసులు కాదు.”

“మరెవరు?”

“మా ఆయన.”